ఎవరి చెయ్యీ పడని ఇంజన్

అక్కా,

నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా "బాగున్నాన్రా, మిషన్ల చప్పుడు, ఏం వినపడట్లేదు" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు. చించేస్తావేమో, కానీ సగమన్నా చదివాకే చించుతావు. నీ సంగతి నాకు తెలియదా.

పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఇన్నేళ్ల తర్వాత, ఏ కబురూ లేకుండా, షెడ్డు గుమ్మంలో నిలబడి "మేస్త్రీ, నా కారు ఉందా, తుక్కుకి వేశారా" అన్నాడు. నాన్న చేతిలో పానా కింద పడింది. కారు ఎక్కడికి పోతుంది, వెనక గదిలో టార్పాలిన్ కింద అట్లానే ఉంది. గోడకి గుద్దుకున్న ముందు భాగం మాత్రం అప్పట్లోనే సరిచేసి రంగు వేశాం. ఇంజన్ జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆ మాటే చెప్పాను.

ఆయన కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదక్కా. టీ గ్లాసు ఎత్తాలంటే మోచెయ్యి కూడా పైకి లేపి తిప్పుకోవాలి. "పళ్ళు పీకడం మానేశానోయ్, ఇప్పుడు పీకేవాళ్ల పక్కన నిలబడి తప్పులు పడుతున్నాను" అని నవ్వాడు. నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. తర్వాత డాక్టరు టార్పాలిన్ తీసి, ఆ తెల్ల కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి అడిగాడు: "మళ్ళీ నడపాలనుంది మేస్త్రీ. రేసుకి కాదు, ఊరికే. ఈ ఇంజనే విప్పి బాగుచేస్తారా, కొత్తది తెప్పిస్తారా? మీరెట్లా అంటే అట్లా."

ఆయన మాట పూర్తి కాకముందే నాన్న "పెట్టె ఇంజన్" అన్నాడు.

చదివావా? మళ్ళీ చదువు. పెట్టె ఇంజన్. మన నాన్న. కంపెనీవాళ్లు బిగించి, సీలు వేసి, చెక్కపెట్టెలో పెట్టి పంపే ఇంజన్‌ని పేరు పెట్టి పిలవడానికి కూడా ఇష్టపడని మనిషి. "పెట్టెలో వచ్చేవి బిస్కెట్లు, ఇంజన్లు కావు" అని ఎంతమంది కస్టమర్లని వెనక్కి పంపలేదు. ఆ మనిషి ఇప్పుడు డాక్టరుకి నచ్చజెబుతున్నాడు: "ఇప్పుడు పాతవి ఎవరు విప్పుతున్నారండీ. పెట్టె తెరవడం, ఎక్కించడం, తాళం తిప్పడం. గ్యారంటీ కూడా ఉంటుంది. పాత ఇంజన్ వాళ్లే పట్టుకుపోతారు." ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు గొంతు చూడాలి, ఎవరో వీపు మీద నుంచి మూట దించినట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది నువ్వు కట్టిన ఇంజన్. ప్రతి బేరింగూ ప్రతి రింగూ నీ చేత్తో కొలిచి, నీ చేత్తో పెట్టి, నాన్నని దగ్గరికి కూడా రానీయకుండా కట్టిన మొదటి ఇంజన్. ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో పలికేవి. అది రేసులో మలుపు తిరుగుతుండగా పట్టేసింది, చక్రాలు బిగుసుకున్నాయి, కారు గోడకి కొట్టుకుంది, డాక్టరు మణికట్టు ముక్కలయింది. "పిల్ల బేరింగులు బిగువుగా పెట్టింది" అన్నాడు నాన్న. ఊరంతా అదే అంది. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్లిపోయి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు బాగుచేసుకుంటున్నావు. ఇదీ కథ. ఆ ఇంజన్ని ఒక్కసారైనా విప్పి చూసినవాడు లేడు. మనసొప్పక విప్పలేదనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడనిపిస్తోంది, నీ చేతిపని ఈ షెడ్డులో ఉండటమే ఆయనకి ఇష్టం లేదని. కంపెనీ లారీ వచ్చి పట్టుకుపోతే ఇక ఈ షెడ్డులో నువ్వు పనిచేశావనడానికి గుర్తు కూడా ఉండదు.

"నేను విప్పుతాను, నాకివ్వు" అన్నాను.

"నీకేం వచ్చని విప్పుతావు? దాని జోలికి వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతా."

ఏం వచ్చా? ఆయన నేర్పితే కదా రావడానికి. నువ్వు వెళ్లాక నన్ను ఇంజన్ బల్ల దగ్గరికి రానిచ్చాడా? "ఒకరికి నేర్పి చూశాను, చాలు" అని టైర్లూ బ్రేకులూ నా మొహాన కొట్టాడు. తుక్కు దుకాణంలో చచ్చిన ఇంజన్లు విప్పి, మళ్ళీ బిగించి, తప్పులు చేసి, వేళ్లు చితక్కొట్టుకుని నేర్చుకున్నాను. నాకు గురువంటూ ఎవరైనా ఉంటే అది తుప్పు.

ఇక్కడ మిగతావన్నీ మామూలే. ఏ కారైనా రేసుకి వెళ్లే ముందు రోజు నాన్న పైమూత విప్పి వాల్వులు సరిచూసే 'ఆఖరి చూపు' ఇంకా మానలేదు. అమ్మ కూడా "ఆఖరి చూపు అనకండి, అది శవాన్ని చూసేది" అనడం మానలేదు. ఇంజన్ విప్పినప్పుడు లోపల ఏమీ పడకుండా సందుల్లో కుక్కే కర్టెన్ ముక్కలు ఆయన ఉతుక్కుని, బల్ల మీది తీగకి వరసగా క్లిప్పులు పెట్టి ఆరేసుకోవడం కూడా అట్లానే ఉంది. నీలి చారలవి అన్నీ, మధ్యలో ఒక్కటి పసుపుది. "ఈ ఇంట్లో కిటికీల కంటే ఇంజన్లకే కర్టెన్లు ఎక్కువ" అంటుంది అమ్మ.

నేను ఆ ఇంజన్ విప్పబోతున్నాను. నిన్ను అడగట్లేదు, చెబుతున్నాను. దాన్ని మళ్ళీ కడదాం. లోపల ఏముందో చూద్దాం. నీ తప్పే అయినా నాకు ఫరవాలేదక్కా, తప్పు చేయని చెయ్యి ఏ షెడ్డులో ఉంది? కానీ చూడకుండా సాగనంపడం నేనొప్పుకోను.

కోపంతో,
నీ నట్టుగాడు

(పాలు తాగే వయసులో నట్టు మింగినందుకు నువ్వు పెట్టిన పేరు. నాన్న ఈమధ్య ఆ పేరుతో పిలవట్లేదు. "ఏయ్" అంటున్నాడు.)


అక్కా,

విప్పాను.

సెలవు రోజు అమ్మా నాన్నా పెళ్ళికి వెళ్లారు. వాళ్ల బండి మలుపు తిరగ్గానే షట్టర్ సగం దించి, కారుని జాకీల మీద ఎత్తాను. పట్టపగలే, దొంగతనం కాదు. అసలు ఇంజన్ మొత్తం దించాలనుకున్నాను. ముందు అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే బేరింగుల ముక్కలు ఎంత పడ్డాయో తెలుస్తుంది కదా అని బోల్టులు వదులు చేశాను. నల్లగా, తారులాగా కొంచెం ఆయిల్ కారింది. చాంబర్ కిందికి దించి, తలకాయ లోపల పెట్టి, లైటు వేశాను.

నీకు చెప్పేదేముంది గానీ చెబుతాను, ఎందుకంటే చెప్పుకోవడానికి నాకిక్కడ ఎవరూ లేరు. అడుగు నుంచి ఆయిల్ పీల్చే గొట్టం ఉంటుందా, దాని మూతికి జాలీ ఉంటుందా, ఆ జాలీకి ఒక గుడ్డ చుట్టుకుని ఉంది. చుట్టుకోవడం కాదు, గొట్టం దాన్ని నోట్లోకి లాక్కుంది. చిన్నపిల్లాడు దుప్పటి అంచు చప్పరిస్తాడే, అట్లా. ఇంజన్ గుటక వేయబోయింది, గుడ్డ అడ్డం పడింది, పైకి చుక్క ఆయిల్ ఎక్కలేదు. ఎండిన బేరింగు లోపల తిరిగే క్రాంకు ఇరుసుని కరిచి పట్టుకుంది. బేరింగులు బిగువుగా ఉండి కాదు. నువ్వు పెట్టిన బిగువు కాదు.

గుడ్డని పట్టకారుతో లాగాను. నల్లగా, అట్టలాగా గట్టిపడిపోయింది. పెట్రోల్లో ముంచి ఒక మూల మెల్లగా రుద్దాను.

నీలి చార.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో గుర్తులేదు. నువ్వు జన్మలో గుడ్డ వాడలేదు కదా. ఎన్నిసార్లు పోట్లాడావు ఆయనతో. "గుడ్డ జారితే కనపడదు నాన్నా" అని నువ్వు చెక్కతో బిరడాలు చెక్కుకున్నావు, ఒక్కోదానికీ మూరెడు ఎర్ర దారం కట్టుకున్నావు. బిరడా లోపల మర్చిపోయినా దారం బయట వేలాడుతుంటుంది, మూత బిగిస్తుంటే చేతికి తగులుతుంది. "ఇంజన్‌కి జడ వేస్తోంది నా కూతురు" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వించేవాడు. నువ్వు మొహం ఎర్రగా చేసుకుని దారం ఇంకాస్త పొడుగు కట్టేదానివి.

అంటే రేసు ముందు రోజు ఆయన నీ ఇంజన్‌కి కూడా ఆఖరి చూపు చూశాడు. నువ్వు కట్టినదాన్ని నీకు వదిలేయలేక పైమూత విప్పాడు. టైమింగ్ చెయిన్ దిగే సందులో ఏమీ పడకుండా గుడ్డ కుక్కాడు. మర్చిపోయాడు. మూత బిగించాడు. గుడ్డ సందులోంచి అడుక్కి జారింది. మిగతాది డాక్టరు మణికట్టు చెబుతుంది.

ఇప్పుడు అర్థమయింది పెట్టె ఇంజన్ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో. నీ గుర్తు చెరిపేయడానికి కాదు, తన గుర్తు చెరిపేయడానికి. పాతది లారీ ఎక్కి పోతే ఎక్కడో ఎవడో విప్పుతాడు, గుడ్డ చూసి నవ్వుకుని పారేస్తాడు. నువ్వు మాత్రం జీవితాంతం బేరింగులు బిగువుగా పెట్టిన పిల్లవి.

చాంబర్ మళ్ళీ చేతి బిగువుతో పెట్టేశాను, ఆయనకి తెలియకుండా. గుడ్డ నా దగ్గర రేకు డబ్బాలో ఉంది. డాక్టరుకి ఫోన్ చేసి శనివారం రమ్మన్నాను, ఇంజన్ సంగతి తేలుస్తామని. ఆయన ముందు, నాన్న ముందు, అమ్మ ముందు డబ్బా మూత తీస్తాను. నాన్న ఏ నోటితో నీ పేరు చెప్పాడో ఆ నోటితోనే తన పేరు చెప్పిస్తాను. అప్పుడు నువ్వు తలెత్తుకుని ఇంటికి రా. ఆ ఇంజన్ మనిద్దరం కడదాం. ఆయన టైర్లు మార్చుకుంటాడు.

నువ్వు ఏమన్నా సరే శనివారం ఆగదు. కానీ ఒక్క ముక్క రాయి. నీ చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో.

నీ
నట్టు


నట్టూ,

రెండు ఉత్తరాలూ అందాయి. చించలేదు.

నీకు జవాబు రాయాలని కూచుంటే మొదట కోపం వచ్చింది, నీ మీద. ఆ కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. అట్లాగే రాస్తున్నాను.

ఆ గుడ్డ సంగతి నాకు తెలుసు. నువ్వు కనుక్కున్నదేమీ లేదు.

కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చినప్పుడు నాన్న ఆసుపత్రిలో డాక్టరు దగ్గర ఉన్నాడు. నువ్వు అమ్మని తీసుకురావడానికి వెళ్లావు. షెడ్డులో నేనొక్కదాన్నే. నా బేరింగులు ఏమయ్యాయో చూడకపోతే నాకు ఊపిరాడదనిపించింది. నువ్వు విప్పినట్టే చాంబర్ విప్పాను, నువ్వు పెట్టినట్టే తల లోపల పెట్టాను. అప్పటికి ఆ గుడ్డ అంత నల్లబడలేదు. చారలు బాగానే కనపడ్డాయి. చెయ్యి దాని దాకా వెళ్లింది. ఆగింది. తీయలేదు. చాంబర్ మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాను.

ఎందుకు తీయలేదంటే, అది ఆయన గుడ్డ. ఆయనే తీయాలి. ఇంటికొచ్చి ఇంజన్ విప్పుతాడు, చూస్తాడు, నన్ను పిలుస్తాడు, "పొరపాటు నాదేనే" అంటాడు. నేను "పోనీలే నాన్నా" అంటాను. దారి పొడవునా ఆ "పోనీలే నాన్నా" ఎట్లా అనాలో అనుకుంటూ వెళ్లాను. నాకంత నమ్మకం ఆయన మీద.

ఆసుపత్రి నడవలో మలుపు తిరిగేసరికి ఆయన డాక్టరు గారి భార్యతో మాట్లాడుతున్నాడు. "పిల్ల బేరింగులు బిగువుగా" అంటున్నాడు. అంతలో నన్ను చూశాడు. చూసి, "పెట్టిందమ్మా, కొత్త చెయ్యి" అని మాట పూర్తి చేశాడు. ఆవిడ నా వైపు తిరిగి చూసిన చూపు నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పను.

అప్పటికి ఆయనకి తెలియకపోయి ఉండొచ్చు. నిజంగానే నాదే తప్పనుకుని ఉంటాడు, అది నేను క్షమించగలను. మర్నాడు పొద్దున్న గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేశాడు. ఒక క్లిప్పు ఖాళీగా మిగిలింది. దాని ముందు నిలబడిపోయాడు. బకెట్లో చెయ్యి పెట్టి వెతికాడు. బల్ల కింద చూశాడు. ఆ తర్వాత తల తిప్పి టార్పాలిన్ కింద ఉన్న కారు వైపు చూశాడు. నేను గుమ్మంలో ఉన్నాను, నన్ను చూడలేదు.

ఆ రోజు నుంచి ఎదురుచూశాను. అన్నం పెట్టేటప్పుడు, పానా అందించేటప్పుడు, ఇప్పుడంటాడేమో, ఇప్పుడంటాడేమో అని. మాట్లాడేవాడు, అన్నీ మాట్లాడేవాడు, అదొక్కటి తప్ప. ఒకరోజు నాన్న పసుపు దిండు గలీబు చించాడని అమ్మ గొడవ పెట్టింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే ఖాళీ క్లిప్పుకి పసుపు ముక్క వేలాడుతోంది. లెక్క సరిపోయింది ఆయనకి. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను. నువ్వు నీ ఉత్తరంలో ఆ పసుపు ముక్క గురించి రాశావు చూడు, మధ్యలో ఒక్కటి అని. ఇంకా ఉందన్నమాట.

ఇక నీ సంగతి. "నీ తప్పే అయినా నాకు ఫరవాలేదక్కా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నువ్వు మంచి మనసుతోనే రాశావు, తెలుసు. కానీ ఇన్నేళ్లూ నువ్వు కూడా అది నా తప్పే అనుకున్నావు కదరా. నా బిరడాలు చూశావు, నా కొలతలు చూశావు, కొలిచిందే మళ్ళీ కొలుస్తుంటే "చాదస్తం" అని నవ్వావు. అయినా నమ్మడానికి నీకు గుడ్డ కనపడాల్సి వచ్చింది. గుడ్డ చూసి నమ్మేవాడికి నేనేం బాకీ లేను.

శనివారం ఏమీ చేయకు. డబ్బా మూత తీయకు. నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు. పెట్టె ఇంజన్ పెట్టేయండి, పాతదాన్ని లారీ ఎక్కించండి, నాకు బాధ లేదు. నాకు ఆ ఇంజన్ వద్దు, అందులో నా చెయ్యి ఉండటం వద్దు. ఊరుకోలేనంటావా, ఒక్క పని చెయ్యి. ఆ పసుపు ముక్క తీసేసి, దాని స్థానంలో అసలు గుడ్డని తగిలించు. ఆయన చూసి నోరు విప్పితే విప్పుతాడు. విప్పకపోతే నాకు కొత్తగా తెలిసేదేముంది.

ఇంటికి రమ్మని రాయకు. ఇక్కడ నా మిషన్లు నడుస్తున్నాయి. ఆగిపోతే ఎవరి తప్పని ఎవరూ అడగరు, విప్పి చూస్తారు.

నీ అక్క


అక్కా,

నీ మాట సగం విన్నాను. సగం వినలేదు. రెండూ చెబుతాను.

ముందు నీ కోపం. నువ్వన్నది నిజం. నేనూ నీదే తప్పనుకున్నాను. అనుకుని, దాన్ని పెద్ద మనసుతో మన్నించినట్టు రాశాను. ఆ వాక్యం రాసిన చేతిని కొట్టుకోవాలనిపించింది. ఇంతకంటే చెప్పను, చెబితే మళ్ళీ నా మంచితనం గురించి రాసినట్టుంటుంది.

శనివారం పొద్దున్నే పసుపు ముక్క తీసి, నల్లబడిన గుడ్డని ఆ క్లిప్పుకి తగిలించాను. డాక్టరు వచ్చాడు. అమ్మ టీ తెచ్చింది. నాన్న బ్రేకుల పని చేస్తున్నవాడు లేచి, ఎప్పటిలాగే చూడకుండా తీగ మీదికి చెయ్యి చాచాడు. ఆయన చేతికి ఆ తీగ తెలుసు కదా, కళ్ళక్కర్లేదు. అట్టముక్కలాంటిది తగిలింది. చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు.

"ఏం తేల్చారు మేస్త్రీ, పాతదా కొత్తదా?" అన్నాడు డాక్టరు.

నాన్న ఆ గుడ్డని క్లిప్పు నుంచి తీశాడు. దానితోనే చేతులు తుడుచుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెట్టెదేనండీ. పాతదాంట్లో ఏం మిగల్లేదు" అన్నాడు.

నీ మాట ప్రకారం నేను అక్కడితో ఊరుకోవాలి. పళ్ళు బిగించుకున్నాను కూడా. అప్పుడు డాక్టరు టీ గ్లాసు అందుకున్నాడు. మోచెయ్యి పైకి లేచింది, తిరిగింది, గ్లాసు మెల్లగా నోటి దగ్గరికి చేరింది. అది చూస్తుంటే నాకు నీ మీద కోపం వచ్చిందక్కా. అవును, నీ మీదే. నీ పేరు నీది, కడుక్కుంటావో బురదలో వదిలేస్తావో నీ ఇష్టం. కానీ ఆ మణికట్టు నీది కాదు. అది ఎందుకు విరిగిందో తెలుసుకోవాల్సినవాడు ఆయన. నాన్న దాచాడు, సరే, ఆయన పిరికివాడు. నువ్వు చూసి, చేతులు కడుక్కుని, ఆ మనిషి కట్టు కట్టుకుని పడుకున్న ఆసుపత్రికే వెళ్లి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చావు. నాన్న నోటి నుంచి ఒక మాట రావాలని నీ ఆశ, ఆ ఆశకి డాక్టరుని చీకట్లో కూచోబెట్టావు. నువ్వూ నాన్నా ఒకే అచ్చులో పోసినవాళ్లు. ఇద్దరూ నోళ్లు టార్క్ రెంచీ పెట్టి బిగించుకున్నారు.

నేను చెప్పేశాను. "డాక్టరు గారూ, అక్క బేరింగులు సరిగ్గానే పెట్టింది. ఆయిల్ గొట్టానికి గుడ్డ అడ్డం పడింది. ఆ గుడ్డ నాన్న జేబులో ఉంది."

కంప్రెసర్ మోగుతోంది. అమ్మ దాన్ని ఆపేసింది. డాక్టరు గ్లాసు కింద పెట్టి "నిజమేనా మేస్త్రీ" అన్నాడు. నాన్న జేబులోంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టి "గుడ్డ నాదే" అన్నాడు. అంతే. నువ్వు ఇన్నేళ్లు కాచుకున్నది ఆ ముక్కే. నీ పేరు ఎత్తలేదు. "పొరపాటు" అన్న మాట రాలేదు. గుడ్డ తనది, అంతవరకే ఒప్పుకున్నాడు. నేను మార్చకుండా రాస్తున్నాను, పెంచితే నువ్వు కనిపెడతావు.

"ఆ అమ్మాయికి తెలుసా?" అన్నాడు డాక్టరు.

"మొదటి రోజు నుంచీ తెలుసు" అన్నాను. అది కూడా చెప్పాను. సగం నిజం చెప్పడానికి నేను నోరు తెరవలేదు.

డాక్టరు నవ్వాడు. మొదటిసారి వచ్చినప్పుడు నవ్విన నవ్వు కాదు. "అంటే మీ ఇంట్లో అందరికీ తెలుసన్నమాట, చెయ్యి విరిగినవాడికి తప్ప" అన్నాడు. "ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడింది ఆ పిల్ల. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎంత పొరపాటు చేశానో అని ఇప్పుడు బాధపడాలా, ఆ పిల్ల కూడా దాచిందని కోప్పడాలా? చెప్పు మేస్త్రీ." వెళ్తూ వెళ్తూ కారు బానెట్ మీద ఎడమ చెయ్యి పెట్టి అన్నాడు: "పెట్టె ఇంజనే తెప్పించండి. మీ ఇంట్లో ఎవరి చెయ్యీ పడనిది కావాలి నాకు." గుమ్మం దాటాక వెనక్కి తిరిగి నన్ను చూపించాడు. "ఎక్కించేది నువ్వు. దాని మూత మాత్రం ఎవరూ విప్పకూడదు."

నేను పోట్లాడింది పాత ఇంజన్ కోసం. గెలిచింది పెట్టె.

ఇంజన్ వచ్చింది. పెట్టె మేకులు పీకి, ప్లాస్టిక్ చించి చూస్తే అద్దంలా ఉంది, బోల్టు బోల్టుకీ కంపెనీ రంగు చుక్క. ఎక్కించాను. కారు అప్పజెప్పే ముందు రోజు నాన్న వచ్చాడు, చేతిలో పానా, భుజం మీద నీలి చారల ముక్క. అలవాటు చొప్పున కాళ్లు అక్కడికి తెచ్చి ఉంటాయి. నేను కారుకి అడ్డంగా నిలబడ్డాను. "విప్పొద్దన్నాడు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. భుజం మీది గుడ్డ తీసి ఇంజన్ పైమూత తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు. తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత వెళ్లిపోయాడు. ఆయన అట్లా తలొంచుకుని వెనక్కి తిరగడం చూడాలని నేను ఎన్ని రోజులు కోరుకున్నానో. చూశాను. కడుపు నిండలేదు.

తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెవి పెట్టి విన్నాను, మెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. డాక్టరు ఎడమ చేత్తో సంతకం పెట్టి, నాతో మాత్రం "వస్తానోయ్" అని వెళ్లిపోయాడు. మళ్ళీ వస్తాడనుకోను. అమ్మ ఆ పసుపు ముక్కని ఇంట్లోకి తీసుకుపోయి ఉతికి మడత పెట్టుకుంది. అది ఆవిడకి ఏం చెప్పిందో, ఎప్పుడు చెప్పిందో నేనడగలేదు. ఈ ఇంట్లో ఎవరికి ఎప్పటి నుంచి ఏం తెలుసో కనుక్కోవడం మొదలుపెడితే ఆగదు.

కంపెనీ లారీ వచ్చింది పాత ఇంజన్ కోసం. ఇవ్వలేదు. పాతది ఇవ్వనందుకు కంపెనీ వసూలు చేసే తేడా నా జీతంలో కోసుకోమన్నాను నాన్నని. సరేనని తలూపాడు. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది. క్రాంకు ఒకచోట కాలి నీలంగా కమిలింది, మిగతాదంతా నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉంది. కొలిచాను. నీ కొలతలు కొలిచినచోటల్లా సరిపోయాయి. ఇది నిన్ను నమ్మడానికి కాదు. నేర్చుకోవడానికి.

దాన్ని నేను కడతాను. నీ కోసం కాదు, నాన్నకి చూపించడానికీ కాదు. ఏ కారులో పెడతానో తెలియదు. నిన్ను రమ్మనను, ఆ మాట రాయొద్దన్నావు, రాయట్లేదు. ఒక్కటి అడుగుతాను. నీ చెక్క బిరడాలు వెంట తీసుకెళ్లావు కదా, కుట్టు మిషన్లకి వాటితో పనేం ఉంది, పంపు. పంపబుద్ధి కాకపోతే వద్దు, నేనే చెక్కుకుంటాను. దారం మాత్రం ఎర్రదే కడతాను, మూరెడు.

నీ తమ్ముడు,
నట్టు